పటంలో ఉన్న కుంట

మా ఆఫీసులో పనిచేసి రిటైరైనవాళ్ళ సంఘం ఏటా ఒక పుస్తకం వేస్తుంది. ఈసారి అందులో నూలుపోగు గారి గురించి నాలుగు పేజీలు రాయమని నన్ను అడిగారు. "ఇరవై మూడేళ్ళు ఆయన పక్క బల్ల నీది. నీకంటే ఎవరికి తెలుసు?" అన్నాడు కార్యదర్శి. అని, గొంతు తగ్గించి, "చివర్లో జరిగిన ఆ గొడవ మాత్రం వదిలెయ్యి. మంచివాడి గురించి మంచే రాద్దాం" అన్నాడు. సరేనన్నాను. తీరా ఇంటికొచ్చి కాగితాలు ముందేసుకుంటే ఆ గొడవ తప్ప ఇంకేదీ కలానికి రాలేదు. అందులో తల దించుకోవలసినవాడు ఆయన కాదు, నేను. చెప్పవలసిన చోట నిలబడి చెప్పలేక ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను.

నూలుపోగు అనేది మేం పెట్టుకున్న పేరు. ఆయన గీసే గీత నూలుపోగంత సన్నగా, మొదటి నుంచి చివరి దాకా ఒకే లావున ఉండేది. మాది సర్వే ఆఫీసులో పటాలకు నకళ్ళు తీసే గది. పాత పటాన్ని కింద పరిచి, దాని మీద గంజి పెట్టిన పల్చటి నీలి బట్ట బిగించి, కింద కనబడే ప్రతి గీతనూ సిరాతో పైకి ఎత్తుకోవడం మా పని. ఆ గదిలో ఫ్యాను ఉండేది కాదు, బట్ట ఎగురుతుందని. మంచినీళ్ళ గ్లాసు ఉండేది కాదు, ఒక్క చుక్క తగిలినా గంజి కరిగి బట్ట పాడవుతుందని. ఎండాకాలంలో ముంజేతి కింద రుమాలు పరుచుకుని, చెమట రాలకుండా నుదుటికి గుడ్డ కట్టుకుని కూర్చునేవాళ్ళం. కొత్తవాడెవడైనా తలుపు తోసి చూస్తే పదిమంది దొంగలు వాటాలు వేసుకుంటున్నారనుకునేవాడు.

పొడుగు గీత గీసేటప్పుడు ఆయన ఊపిరి బిగబట్టేవాడు. పక్కనున్న మేం కూడా మాకు తెలియకుండానే బిగబట్టేవాళ్ళం. "ఈయన ఇంట్లో కంచం ముందు కూడా అలాగే ఊపిరి బిగబట్టి కూర్చుంటారు. అది పని అలవాటో, నా వంట మీద భయమో ఇన్నేళ్ళయినా తేలలేదు" అనేది వాళ్ళావిడ, నాకు వదిన వరస. ఆయన మాటల్లో పొదుపరి. ఎవరిదైనా గీత వణికితే మాత్రం ఊరుకునేవాడు కాదు. "ఈ రోడ్డు మీద నడిస్తే కాలు బెణుకుతుందయ్యా" అనేవాడు. దాంతో ఆ బట్ట చింపి మళ్ళీ మొదలుపెట్టాల్సిందే.

మా గదిలో ఒక పాత వేళాకోళం ఉండేది: 'చుక్క పడితే చెట్టు, ధార పడితే దారి.' అంటే, సిరా ఒలికితే బట్ట పారేయనక్కర్లేదు, ఒలికిన దాన్నే ఏదో ఒకటి చేసెయ్యవచ్చని. అందరం నవ్వుకునేవాళ్ళం. ఒకరిద్దరు చేసేవాళ్ళేమో కూడా. నూలుపోగు గారికి ఆ మాట వింటేనే ఒళ్ళు మండేది. "చెట్టు నాటడానికి నువ్వెవడివి? ఉన్నది గియ్యి" అనేవాడు. ఆయన తన జన్మలో ఆ పని ఒక్కసారే చేశాడు. అది నా కోసం.

నేను చేరి అప్పటికి నాలుగు నెలలు. ఆరు నెలలు పనితీరు చూసి, నచ్చితే ఉంచుకుంటారు, లేకపోతే ఇంటికి పంపుతారు. నచ్చడం, నచ్చకపోవడం మా సూపరింటెండెంటు చేతిలో ఉండేది. భూతద్దం జేబులో పెట్టుకు తిరిగే మనిషి కాబట్టి ఆయన పేరు భూతద్దం. అప్పుడు మా ఊరి పటానికి నకలు తీస్తున్నారు. వందేళ్ళ నాటి కాగితం, పురుగులు తిన్నది పోగా మిగిలింది పొడి పొడి అవుతోంది. నూలుపోగు గారు పందొమ్మిది రోజులు కూర్చుని ఆ ఊరంతా బట్ట మీదికి ఎత్తాడు. అంచున ఉత్తర దిక్కు బాణం గీసే పని నాకిచ్చి భోజనానికి వెళ్ళాడు. మర్నాడు పొద్దున భూతద్దం గారు చూడాలి.

బాణం గియ్యాలంటే బల్ల చుట్టూ తిరిగి అవతలి వైపుకు వెళ్ళాలి. నిండు కలంతో పటం మీదుగా వంగకూడదని మొదటి రోజే చెప్పారు. నేను బద్ధకించి వంగాను. ఊరి అంచున, ఖాళీగా ఉన్న మెరక మీద, టప్పున ఒక చుక్క పడింది. పడిన చుక్కను అద్దుడు కాగితం మూలతో తాకించి పీల్పించాలని కూడా మొదటి రోజే చెప్పారు. నేను కంగారులో బొటనవేలితో తుడిచాను. కందిగింజంత చుక్క చింతగింజంతయింది.

ఆయన తిరిగొచ్చేసరికి నా మొహంలో నెత్తురు చుక్క లేదు.

"గీకేద్దామా అన్నగారూ?" అన్నాను.

"గీకితే చిల్లు పడుతుంది. వేలితో బట్టలోకి ఎక్కించావుగా" అన్నాడు.

"నా ఉద్యోగం పోయినట్టే."

ఆయన బట్ట ఒక మూల ఎత్తి కింది కాగితం చూశాడు. సరిగ్గా ఆ చోట పురుగులు తినేసి వేలు పట్టేంత కన్నం ఉంది. తర్వాత అన్నిటికంటే సన్నటి కలం తీసి, మరక చుట్టూ ఒడ్డు గీసి, లోపల అడ్డగీతలతో నీళ్ళు నింపాడు. చూస్తుండగానే అక్కడ ముచ్చటైన చిన్న కుంట తయారైంది.

"ఇక్కడో కుంట ఉంటే ఎవడి కొంప మునుగుతుందిలే" అన్నాడు. ఆ మాట నా మొహం చూడకుండా అన్నాడు.

మర్నాడు భూతద్దం గారు పటమంతా చూసి, "నీళ్ళు ఎంత బాగా పోశావయ్యా!" అని సరిగ్గా ఆ కుంటనే మెచ్చుకున్నాడు. నూలుపోగు గారు దెబ్బ తిన్నవాడిలా నిలబడ్డాడు. నాకేమో లోపల పొంగు. నా ఉద్యోగం నిలిచింది. పాత కాగితం మరుసటి ఏడు చిత్తుకు వెళ్ళింది, అప్పటి నుంచి మా బట్టే అసలు పటమైంది. దాన్ని చూసి గీసిన తర్వాతి పటంలో ఎవరో మహానుభావుడు కుంటకు 'చిన్న కుంట' అని పేరు పెట్టాడు. ఇంకో ఇరవై ఏళ్ళకు ఇంకెవరో స్థలానికి వెళ్ళకుండానే 'ఎండిన కుంట' అని రాశాడు. అబద్ధానికి అలా పుట్టుక, నామకరణం, చావు అన్నీ మా శాఖలోనే జరిగిపోయాయి.

తర్వాత కంప్యూటర్లొచ్చాయి, మా గది మూతపడింది. ఆయన రిటైరయ్యాడు, కొన్నేళ్ళకు నేనూ అయ్యాను. ఇక మమ్మల్ని అడిగేవాళ్ళు ఎవరుంటారనుకున్నాం. రెండేళ్ళ కిందట పాత పటాలను బతికించే పని అంటూ ఆఫీసుకు ఒక ఇంజనీరమ్మాయి వచ్చింది. మా బట్టలన్నీ పెద్ద యంత్రం కింద పరిచి ఫోటోలు తీసింది. ఒకరోజు మమ్మల్నిద్దరినీ పిలిచి గోడంత తెర ముందు కూర్చోబెట్టింది. మొదట ఆకాశం నుంచి తీసిన ఇవాళ్టి ఊరు కనబడింది. ఆ అమ్మాయి పాత వంతెన రెండు కొనలు, గడియార స్తంభం, నాలుగు రోడ్ల కూడలి చూపించి, "ఇవి అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి కదా సార్. వీటి దగ్గర గుండుసూదులు గుచ్చినట్టు గుచ్చి, మీ పటాన్ని దీని మీద పరుస్తానన్నమాట" అని వేలితో తెర మీద ఇటు నుంచి అటు తోసింది. బహుళ అంతస్తుల భవనాలు కరిగిపోయి వాటి కింద నుంచి నూలుపోగు గారి గీతలు పైకి తేలాయి. వీధి మీద వీధి వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చుంది.

"ఇంత సరిగ్గా కూర్చున్న పటం నేనింకోటి చూళ్ళేదు. యంత్రం కూడా ఇంత బాగా గియ్యలేదు" అందామె.

ఆయన లేచి వెళ్ళి తెరను చేత్తో తాకాడు. ముప్పై ఏళ్ళు నీలి బట్ట మీద వంగిన మనిషి, తన గీత వెలుగులో నిలబడటం చూసి చిన్నపిల్లాడిలా నవ్వాడు. ఆ వారమంతా ఆ అమ్మాయి ఇచ్చిన ఫోను పట్టుకుని ఊరంతా తిరిగాడు. ఏ వీధిలో నిలబడితే అక్కడి పాత పటం ఫోనులో కనబడేది. "ఇదిగో తమ్ముడూ, మనం ఇప్పుడు నూటయాభై ఏళ్ళనాటి గుర్రపుశాలలో నిలబడ్డాం. జాగ్రత్త, తొక్కుతావు" అని నాతో హాస్యాలాడాడు. ఆయన హాస్యమాడటం నేనెప్పుడూ ఎరగను. ప్రదర్శన పెట్టారు, ద్వారం దగ్గర బోర్డు మీద ఆయన పేరు పెద్దక్షరాలతో రాశారు. శిక్షణ కళాశాలవాళ్ళు ప్రతి మంగళవారం వచ్చి కొత్త సర్వేయర్లకు పాత పటాలు చదవడం నేర్పమన్నారు. డెబ్భై ఆరో ఏట ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని పాఠాలకు వెళ్ళడం మొదలుపెట్టాడు.

ఊళ్ళో నీటి ఎద్దడి. పాత పటాల్లో ఉండి ఇప్పుడు లేకుండా పోయిన కుంటలన్నీ వెతికి మళ్ళీ తవ్విస్తామని పురపాలక సంఘం ప్రకటించింది. మంచి పనే, కాదనను. ఏడు కుంటలు దొరికాయి. ఆరు నిజమైనవి. ఏడోది ఒక సందులో పదకొండు ఇళ్ళ కింద ఉంది.

ఆ సంగతి పేపర్లో చూసి నేను ఆ సందుకు వెళ్ళాను. ప్రతి తలుపుకూ నోటీసు అంటించి ఉంది: కుంటను ఆక్రమించి కట్టిన ఇల్లు, ముప్పై రోజుల్లో ఖాళీ చెయ్యాలి. మూడో ఇంటి అరుగు మీద మిషను కుడుతున్న ఆవిడ నన్ను గుర్తుపట్టింది. నా చొక్కాలు కుట్టేది ఆవిడే.

"బాబూ, మీరు పటాల ఆఫీసులో చేశారుగా. ఇక్కడ కుంట ఉండేదంటున్నారు. మా అత్తగారు తొంభై ఏళ్ళు బతికింది, ఏనాడూ ఆ మాట అనలేదు. నిజమేనా?"

కొంప మునిగేది ఎవరిదో నాకు అప్పుడు కనబడింది. పాదం వేసి వేసి మెరుగెక్కిన మిషను తొక్కుడుపలక, గుమ్మానికి పిల్లల ఎత్తులు గీసిన పెన్సిలు గుర్తులు, అన్నీ చూశాను. చూసి కూడా ఏమన్నానో తెలుసా? "పటంలో ఉందంటే ఉన్నట్టేనమ్మా" అన్నాను. అని తేలు కుట్టిన దొంగలా గబగబా వచ్చేశాను.

రెండు రోజులకు ఇంజనీరమ్మాయి నూలుపోగు గారింటికి వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను. "సార్, ఏమీ అనుకోకండి, నా లెక్కే తప్పయి ఉంటుంది" అని మొదలుపెట్టి, ల్యాప్‌టాప్‌లో ఊరి ఎత్తుపల్లాలు చూపించింది. "మిగతా ఆరు కుంటలూ పల్లంలో ఉన్నాయి. ఇదొక్కటే వాలు మీద ఉంది. ఇక్కడ నీళ్ళు పోస్తే నిలవవు, జారిపోతాయి. మీ పటం తప్పయ్యే ప్రసక్తే లేదు కాబట్టి నేనెక్కడ పొరబడ్డానో చెప్పండి" అంది.

ఆమె నమ్మకం చూస్తే నాకు నేలలోకి కుంగిపోవాలనిపించింది. ఆయన తెర వైపు చూస్తూనే ఉన్నాడు. "ఎల్లుండి విచారణ ఉందిగా, అక్కడికి వచ్చి చెప్తానమ్మా. ఆ బట్ట కూడా పట్టుకురా" అన్నాడు.

ఆమె వెళ్ళగానే నేను ఆయన మీద పడ్డాను. "అన్నగారూ, మీ పేరేమవుతుంది? మంగళవారం పాఠాలేమవుతాయి? ఈ వయసులో ఈ పరువు తక్కువ అవసరమా? ఆకాశరామన్న ఉత్తరం రాసి పడేస్తే వాళ్ళే చూసుకుంటారు" అన్నాను. నోటికొచ్చిందంతా ఆయన పరువు పేరుతోనే అన్నాను. లోపలున్నది నా భయం. ఆయన చెబితే ఆ చుక్క ఎవరిదన్న ప్రశ్న వస్తుంది. ఊళ్ళో నలుగురూ నమస్కారం పెట్టే మనిషిని నేను, అల్లుడు అదే పురపాలక సంఘంలో ఉద్యోగి. ఆయన అంతా విని, "పదకొండు కొంపలు తమ్ముడూ" అన్నాడు. వదిన ఇద్దరికీ టీ తెచ్చింది. నేను తాగాను, ఆయన తాగలేదు.

విచారణ పురపాలక సంఘం సమావేశపు గదిలో జరిగింది. సందువాళ్ళందరూ వచ్చారు. నేను మూడో వరసలో కూర్చున్నాను. ఆయన లేచి, ముందుమాటలేవీ లేకుండా, "ఆ ఏడో కుంట అబద్ధమండీ. అక్కడ సిరా ఒలికితే, కనబడకుండా నేనే కుంటగా గీశాను" అన్నాడు.

గదిలో కలకలం రేగింది. పెద్ద అధికారి నవ్వి, "పెద్దాయనా, ఆ సందులో మీకు చుట్టాలున్నారా?" అన్నాడు.

ఆయన మెడ దాకా ఎర్రబడ్డాడు. జీవితంలో ఆ మనిషిని అలాంటి మాట ఎవరూ అనలేదు. నేను లేవాలి. లేచి, ఆయన చెప్పేది నిజం, సాక్షిని నేనే, ఒలికించిందీ నేనే అనాలి. మోకాళ్ళ మీద చేతులు కూడా ఆనించాను. కానీ లేవలేదు.

లేచింది ఆ ఇంజనీరమ్మాయి. బట్టను కింద నుంచి వెలుగు పంపి, పక్క నుంచి వెలుగు పంపి ఫోటోలు తీసిందట. అవి తెర మీద వేసింది. కుంట గోడంత పెద్దదైంది. పైన నూలుపోగు గారి సన్నటి అడ్డగీతలు. వాటి కింద దట్టమైన మరక. మరక అంచున, కొండల ఎత్తులు చూపించే గీతల్లా, ఒకదానిలో ఒకటి ఒదిగిన వంకర గీతలు.

"ఇది వేలిముద్ర. బొటనవేలు" అందామె మెల్లగా.

నలభై ఎనిమిదేళ్ళ కిందటి నా బొటనవేలు మనిషంత ఎత్తున ఎదురుగా నిలబడింది. నేను పిడికిలి బిగించి వేలిని లోపల దాచుకున్నాను. ఎవరూ నా వైపు చూడటం లేదు. గదిలో అందరూ చూస్తున్నది ఆయన చేతుల వైపు.

"ఎందుకు చేశారు సార్?" అని అడిగింది ఆ అమ్మాయి. కోపంగా అడిగితే బాగుండేది. ఏడుపు గొంతుతో అడిగింది.

"పందొమ్మిది రోజుల పని మళ్ళీ చెయ్యాలంటే బద్ధకమేసిందమ్మా" అన్నాడాయన.

ఆయనకు బద్ధకం! గీత వణికితే నెల రోజుల పనైనా చింపేసే మనిషికి! నా బద్ధకాన్ని తన నెత్తిన పెట్టుకుని అంతమంది ముందు నిలబడ్డాడు. నేను కుక్కిన పేనులా కూర్చున్నాను. నోటీసులు రద్దు చేస్తున్నామని అధికారి చెప్పాడు. సందువాళ్ళు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు.

మెట్ల దగ్గర మిషను ఆవిడ ఆయన్ని ఆపింది. "వారం రోజుల్నించి మాకు నిద్ర లేదయ్యా. మీ బద్ధకానికి మా పిల్లలు రోడ్డున పడేవాళ్ళు!" అని కడిగేసింది. ఆయన రెండు చేతులూ జోడించాడు. ఆవిడ పక్కనే ఉన్న నన్ను చూసి గొంతు తగ్గించి, "నమస్కారం బాబూ" అంది.

ఇంటికి నడుస్తుంటే దారిలో ఆయన చెయ్యి పట్టుకున్నాను. "రేపు వెళ్ళి చెప్పేస్తాను అన్నగారూ. ఆ చుక్క నాదని" అన్నాను. ఆ క్షణాన నిజంగానే అనుకున్నానో, ఆయన వద్దంటాడని తెలిసి అన్నానో ఇప్పటికీ చెప్పలేను.

"చుక్క నీది, కుంట నాది. వాళ్ళడిగింది కుంట సంగతి. అంతేగా?" అన్నాడు.

"అంతే" అన్నాను. అంటుంటే గుండెల మీద నుంచి బరువు దిగినట్టయింది. ఆ తేలికే నన్ను ఇప్పటికీ తింటోంది.

ప్రదర్శన ద్వారం దగ్గర బోర్డు తీసేశారు. మంగళవారం పాఠాలకు ఆయన్ని పిలవడం మానేశారు. నెల తర్వాత కళాశాల నుంచి నాకు ఫోనొచ్చింది. పాత నకలు గదిలో పనిచేసినవాళ్ళలో ఇక మిగిలింది మీరేనండీ, మచ్చలేని మనిషి కావాలి, వస్తారా అన్నారు. ఆలోచించుకుని చెప్తానని కూడా అనలేదు. వస్తానన్నాను. ఆ మాట చెప్పడానికి వెళ్తే ఆయన లోపలికెళ్ళి తన సన్నటి కలం తెచ్చి నా చేతిలో పెట్టాడు. "పిల్లలకు చేతిలోకి ఇచ్చి చూపించు. మాటలతో రాదు అది" అన్నాడు. వదిన గుమ్మంలో నిలబడి నన్నే చూస్తోంది. ఆమెకు అంతా తెలుసునని అప్పుడు నాకర్థమైంది.

మొదటి రోజు తరగతిలో ముప్పై మంది ఉన్నారు. కలం అందరి చేతులూ తిరిగి వచ్చింది. ముందు బల్ల దగ్గరి అమ్మాయి చెయ్యెత్తింది.

"సార్, ఆ కుంట గీసిన సార్ మీ గదిలోనే పనిచేసేవారటగా. మరి మీ చేతుల్లో ఎప్పుడైనా సిరా ఒలికిందా?"

"లేదమ్మా" అన్నాను.

ఆ అమ్మాయి తలూపి, ఆ మాట నోటుబుక్కులో రాసుకుంది.